తెర పలచనైంది, ఛాయ చులకనైంది

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది మనవారి సామెత. కంప్యూటరు తెరల విషయంలో ఈ సామెతను మనం తు.చ. తప్పకుండా పాటించాం. బల్లమీద సగం చోటు ఆక్రమించి కూర్చున్న డబ్బా మానిటరును 2000 తరువాతి పదేళ్లలో ఇంటింటా దింపేశాం. దాని స్థానంలో పలకలాంటి పలచని తెరను నిలబెట్టాం. పలాస-కాశీబుగ్గ బజారులోని ఫోటో స్టూడియోలు, టెక్కలిలోని డి.టి.పి. దుకాణాలు, ఉద్దానం ఊళ్లలోని ఇంటర్నెట్ సెంటర్లు, అన్నిచోట్లా ఇదే కథ. జరిగినదాన్ని నేను తప్పుపట్టడం లేదు. జరిగినదానికి మనం చెప్పుకొన్న కారణాన్ని తప్పుపడుతున్నాను. “కొత్త తెరలో బొమ్మ బాగుంటుంది” అన్నాం. ఆ మాట అంత సులువుగా నిజం కాదు.

నా వాదన ఇది. పలక తెర గెలిచింది అక్షరాల పోటీలో. బొమ్మల పోటీ అసలు జరగనే లేదు. పిక్చర్ ట్యూబుల కాలంలో చవక తెర, ఖరీదైన తెర రెండూ ఛాయల విషయంలో దాదాపు ఒకే ధర్మానికి కట్టుబడి ఉండేవి. పలక తెర వచ్చాక ఆ ధర్మం ధరను బట్టి దొరికే సరుకైంది. ఈ నష్టం పెళ్లి ఫోటోలతో ఆగితే ఇంత టపా రాయనక్కరలేదు. కానీ ఉద్దానం వంటి చోట, మనిషి ఒంట్లోని మూత్రపిండాలను బూడిదరంగు బొమ్మల్లో వెతుక్కోవలసి వచ్చిన నేలమీద, ఛాయ అన్నది అలంకారం కాదు.

ముందుగా పిక్చర్ ట్యూబు పనితీరును గుర్తుచేసుకుందాం. 1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రూపొందించిన గాజు గొట్టం దీనికి మూలం. వెనక ఒక ఎలక్ట్రాన్ తుపాకి, ముందు గాజుకు లోపలివైపు ఫాస్ఫర్ పూత. తుపాకి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు పూతను తాకిన చోట వెలుగు పుడుతుంది. పుట్టిన వెలుగు అన్నివైపులకూ ఒకే తీరున పరుచుకుంటుంది. అందువల్ల ఎదురుగా కుర్చీలో కూర్చున్నవారికీ, పక్కన నిలబడి తొంగిచూసేవారికీ కనిపించే బొమ్మ ఒకటే.

ఆ తుపాకికి మరొక సహజగుణం ఉంది. దానికిచ్చే సంకేతాన్ని రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ వంపునే గామా అంటారు. దాని విలువ సుమారు 2.2 నుంచి 2.5 వరకూ ఉంటుంది. మన కన్ను చీకటి ఛాయల మధ్య తేడాను వెలుగు ఛాయల మధ్య తేడాకంటే నిశితంగా పట్టుకుంటుంది. తుపాకి వంపు, కంటి వంపు ఒకదానికొకటి చక్కగా అమరాయి. ఇది ఏ ఇంజనీరూ పూనుకొని చేసిన ఏర్పాటు కాదు, పదార్థధర్మం. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టీవీలోనూ ఇదే వంపు, 1968లో సోనీ తెచ్చిన ట్రినిట్రాన్‌లోనూ ఇదే వంపు. ధరలో తేడా ఆకాశానికీ భూమికీ ఉండవచ్చుగాక, బూడిద మెట్ల వరుసలో తేడా స్వల్పమే.

ఇంకో విశేషం చూడండి. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ప్రతిపాదించి, 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన ఎస్.ఆర్.జి.బి. అనే వర్ణప్రమాణం ఆనాటి ట్యూబు మానిటర్ల స్వభావాన్ని కాగితంమీద పెట్టడమే. నేడు మన జేబులోని ఫోను తీసే బొమ్మ కూడా చాలావరకు ఆ వంపు లెక్కలోనే దస్త్రంలోకి ఎక్కుతుంది. ట్యూబును అటకమీదికో, పాత సామాన్లవాడి బండిమీదికో పంపాం గానీ, మన బొమ్మలన్నీ ఇప్పటికీ ట్యూబు భాషలోనే రాయబడుతున్నాయి. ఆ భాషను పలక తెర ఎంత శ్రద్ధగా నేర్చుకుంది అన్నదే అసలు ప్రశ్న.

పలక తెర మాట వేరు. వెనక ఒక దీపం ఎల్లవేళలా వెలుగుతూ ఉంటుంది. దాని ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ వెలుగును ఎంత వదలాలో అంత వదులుతుంది. అంటే ఇది వెలుగును పుట్టించే తెర కాదు, అడ్డుకొనే తెర. అడ్డుకోవడం ఎన్నడూ సంపూర్ణం కాదు కాబట్టి నల్లగా ఉండవలసిన చోట కొంత వెలుగు కారుతుంది. స్ఫటికాలు తిరిగిన తీరును బట్టి వెలుగు దారి మారుతుంది కాబట్టి చూసే కంటి కోణాన్ని బట్టి ఛాయ మారుతుంది. ఇక ట్యూబు వంపు దీనికి పుట్టుకతో లేదు. లోపల ఒక పట్టిక పెట్టి, లెక్కకట్టి, దాన్ని అనుకరించాలి. ట్యూబుకు స్వభావమైనది పలకకు అభినయం. మంచి నటుడు చక్కగానే అభినయిస్తాడు, కానీ మంచి నటుడికి పారితోషికం ఎక్కువ.

చవక పలకలు చాలాకాలం టి.ఎన్. అనే రకానివి. వాటిలో ఎక్కువవాటికి ఒక్కో రంగులో నిజంగా ఉన్నవి 64 మెట్లే, చూపవలసినవి 256. లేని మెట్లను పక్కపక్క చుక్కలను తారుమారు చేస్తూ, వేగంగా మిణుకుమిణుకుమనిపిస్తూ ఉన్నట్టు భ్రమింపజేసేవారు. పెట్టెమీద 16.7 మిలియన్ల రంగులని కాక 16.2 మిలియన్లని రాసి ఉంటే దాని భావం ఇదే. ఆ అంకెను మనలో ఎందరు చదివారు? చదివినవారిలో ఎందరు దుకాణదారుణ్ణి అడిగారు? హిటాచీ సంస్థ 1990ల మధ్యలోనే ఐ.పి.ఎస్. అనే మెరుగైన పద్ధతిని తెచ్చింది. దానిలో కోణదోషం బాగా తక్కువ. కానీ అది మన బజారుకు అందుబాటు ధరలో రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపు మనం టి.ఎన్. పలకను చూసి ఇదే నాణ్యత అనుకోవడానికి అలవాటుపడ్డాం.

మరి పలక తెర గెలిచిందెలా? ఇక్కడ మనవంటి తెలుగు రాతగాళ్లు కొంత నిజాయితీగా మాట్లాడాలి. గెలిపించినది అక్షరం. అక్షరానికి కావలసింది పదునైన అంచు, చదునైన తెలుపు, కదలని గీత. ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం గీసే చుక్క అంచులు కాస్త చెదిరి ఉంటాయి. ‘జ్యోత్స్న’, ‘లక్ష్మి’ అని రాస్తే కింది ఒత్తులు ముద్దగా అలుముకొనేవి. 2001లో విండోస్ ఎక్స్.పి.తో గౌతమి ఖతి వచ్చింది. దానితోపాటే పలక తెర చుక్కలోని మూడు రంగుల ముక్కలను విడివిడిగా వాడుకొని అక్షరం అంచును నునుపుచేసే క్లియర్‌టైప్ అనే ఉపాయమూ వచ్చింది. యూనికోడు తెలుగు కంటికి హాయిగా కనబడింది పలక తెరమీదనే. ఆ ఋణాన్ని నేను కాదనను.

కానీ అక్షరానికి మంచి తెర బొమ్మకూ మంచి తెర కావాలని ఏమీ లేదు. అక్షరం రెండే ఛాయల సంగతి: నలుపు, తెలుపు. బొమ్మ ఆ రెంటి మధ్యనున్న రెండు వందల యాభై నాలుగు మెట్ల సంగతి. కొనుగోలుదారుల్లో అత్యధికులు ఆఫీసులు, బ్యాంకులు, కాలేజీలు. వారికి కావలసింది అక్షరాలూ అంకెలూ. ఓటు వేసింది వారు. బొమ్మకు ఓటు లేదు. గెలుపు ప్రకటించాక మాత్రం ఆ గెలుపు బొమ్మకూ వర్తిస్తుందని అందరం నమ్మాం.

దుకాణం ఈ నమ్మకాన్ని పెంచి పోషించింది. కళ్లు జిగేల్‌మనే దీపాల కింద వరుసగా పది తెరలు పెడితే అన్నిటికంటే ఎక్కువగా మెరిసేదే గెలుస్తుంది. అందుకని తయారీదారు రంగులను రెచ్చగొట్టి, వెలుగును పై అంచుకు తోసి పంపుతాడు. మామిడిపండు నారింజలా, నారింజ నిప్పుకణికలా కనబడుతుంది. కొన్నవారు ఆ అమరికను మార్చకుండానే ఇంట్లో ఏళ్ల తరబడి చూస్తారు. ఇక కాంట్రాస్టు అంకెల సంగతి చెప్పనే అక్కరలేదు. దృశ్యం చీకటైనప్పుడు వెనక దీపాన్ని తగ్గించి, వెలుగైనప్పుడు పెంచి, ఆ రెంటినీ భాగించి లక్షల్లో నిష్పత్తులు ప్రకటించారు. ఒకే బొమ్మలో ఒకేసారి ఆ రెండు ఛాయలూ కనిపిస్తాయా అంటే కనిపించవు. రాత్రి కొలిచిన చలినీ మధ్యాహ్నం కొలిచిన ఎండనూ కలిపి మా ఊళ్లో ఒకేసారి రెండూ ఉంటాయని చెప్పడం వంటిదిది.

* * *

ఇక రెండవ వర్గంవారి పని పట్టాలి. వీరు ట్యూబు భక్తులు. “ఆ రోజులే వేరు, ఆ నలుపే వేరు” అని నిట్టూరుస్తూ ఉంటారు. ట్యూబు గుణాన్ని ఒప్పుకోవడం వేరు, దానికి గుడి కట్టడం వేరు. బారువ నుంచి భావనపాడు దాకా ఉన్న ఈ తీరంలో ట్యూబు మానిటరు బతికిన బతుకు నాకు తెలుసు. లోపల సుమారు 25,000 వోల్టుల విద్యుత్తు, బయట ఉప్పుగాలి. ఆ వోల్టేజీ దుమ్మును అయస్కాంతంలా లాగుతుంది, ఉప్పుగాలి ఆ దుమ్మును తడుపుతుంది. వర్షాకాలంలో మీట నొక్కగానే లోపల చిటపట. పక్కన స్పీకరు పెడితే మూలన ఊదారంగు మచ్చ. అంచుల్లో వంగిన గీతలు. వేడెక్కి నిలకడకు వచ్చేందుకు అరగంట. ఏళ్లు గడిచేకొద్దీ కేథోడు నీరసించి, తెర మొత్తం సాయంకాలపు వెలుగులో పడేది.

వెలుగు చాలకపోవడం ట్యూబుకున్న పెద్ద లోపం. మామూలు రంగుల ట్యూబు చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గర ఆయాసపడేది. పలక తెర అవలీలగా 250 దాటుతుంది. కిటికీలోంచి వెలుగు పడే గదిలో ట్యూబు నలుపు నలుపు కాదు. ఆ గాజుమీద గదంతా ప్రతిఫలిస్తుంది. గాజు మందంలోనే వెలుగు చెదిరి, తెల్లని భాగం పక్కనున్న నల్లని భాగంమీద పలచని పొగ పరిచేది. పదిహేడు అంగుళాల డబ్బా 70, 80 వాట్ల కరెంటు తాగితే అంతే పలక దానిలో సగమో అంతకు తక్కువో తాగుతుంది. విరిగితే కిలోల లెక్కన సీసం కలిసిన గాజు. వీటన్నిటినీ మరచి పాతకాలాన్ని పొగడటం సాహిత్యంలో చెల్లుతుందేమో గానీ తెరల విషయంలో చెల్లదు. సోనీ 2008లో ట్రినిట్రాన్ ట్యూబుల తయారీ ఆపేసింది. గడిచిన నీటికి ఆనకట్ట కట్టలేం, కట్టనక్కరలేదు కూడా.

కనుక నేను అడుగుతున్నది ట్యూబును తిరిగి తెమ్మని కాదు. ట్యూబు ఉచితంగా ఇచ్చినదాన్ని పలక తెర నుంచి మనం పట్టుబట్టి రాబట్టుకోవాలి అని. ఈనాటి మంచి ఐ.పి.ఎస్. తెర, మంచి ఓ.ఎల్.ఇ.డి. తెర ట్యూబును అన్నివిధాలా మించగలవు. ఓ.ఎల్.ఇ.డి.లో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది. దాని నలుపు ముందు ట్యూబు నలుపు వెలవెలబోతుంది. అయితే ‘మించగలవు’ అన్నది వేరు, ‘మించుతున్నాయి’ అన్నది వేరు. ఆ మధ్య దూరాన్ని దాటించేది సరిచూసుకోవడం అనే పని. మనం చేయనిది ఆ పనే.

మన ప్రాంతం నుంచే మూడు బొమ్మలు తీసుకుంటాను.

మొదటిది టెక్కలి దగ్గరి తేలినీలాపురం. ఏటా వర్షాలు వెనకబట్టే వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్లమీద గూళ్లు కడతాయి. పక్కనే నౌపడ చిత్తడి నేల వాటికి మేత. కెమెరాలున్నవారంతా అక్కడికి పోతారు, మంచి బొమ్మలు తెస్తారు. గూడబాతు రెక్క తెలుపులో ఎన్నో తెలుపులున్నాయి: బూడిద కలిసిన తెలుపు, ఎండ తగిలిన తెలుపు, వెనక తెల్లని ఆకాశం. రెచ్చగొట్టిన పలక తెర ఈ తెలుపులన్నిటినీ కలిపి ఒకే సున్నపు మచ్చ చేస్తుంది. కింది బురదలోని తడి చీకట్లను మరో ముద్ద చేస్తుంది. చూసినవాడు “అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది!” అంటాడు. స్పష్టంగా ఉన్నవి అంచులు మాత్రమే, ఈకలు పోయాయి. ఇక్కడ నష్టం అందానిది. దీన్ని భరించవచ్చు.

రెండవది పలాస జీడిపప్పు. గుండు, బద్ద, ముక్క అన్న తేడా తరువాత ధరను నిర్ణయించేవి పరిమాణం, రంగు. డబ్ల్యు 240 అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు, డబ్ల్యు 320 అంటే 300 నుంచి 320. ఆ ‘డబ్ల్యు’ తెలుపుకు గుర్తు. తెలుపంటే సున్నపు తెలుపు కాదు. లేత దంతపు రంగు, లేత బూడిద రంగు కూడా అందులోకే వస్తాయి. వేడి కాస్త ఎక్కువై లేత గోధుమరంగుకు తిరిగితే అది వేరే తరగతి, ధర తక్కువ. దంతపు రంగుకూ లేత గోధుమరంగుకూ మధ్య ఉన్నది ఒకటి రెండు మెట్ల దూరం. నేడు సరుకుకంటే ముందు సరుకు బొమ్మ ఫోనులో ప్రయాణిస్తుంది. పంపినవారి తెర చల్లని నీలితెలుపు, అందుకున్నవారి తెర వెచ్చని పసుపుతెలుపు అయితే, ఇద్దరూ అబద్ధమాడకుండానే ఇద్దరి మధ్యా అబద్ధం పుడుతుంది. ఇక్కడ నష్టం డబ్బుది. అనుభవజ్ఞులు ఆఖరుకు పప్పును చేతిలోకి తీసుకొని పగటివెలుగులో చూస్తారు కాబట్టి ఇదీ కొంత సర్దుకుంటుంది.

మూడవది సర్దుకోనిది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఈ పచ్చని నేలలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, 1990ల నుంచి మూత్రపిండాల జబ్బు వార్తలకెక్కింది. మధుమేహం లేనివారికి, తోటపని చేసుకొనే నడివయసు వారికి, కాళ్లవాపు వంటి హెచ్చరికలు పెద్దగా లేకుండానే కిడ్నీలు నెమ్మదిగా ఎండిపోతాయి. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇవన్నీ జరగవలసినవే. ఆలస్యంగానైనా జరిగాయి.

ఈ జబ్బును నిర్ధారించేది ప్రధానంగా రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష. అందులో సందేహం లేదు. కానీ జబ్బు నిన్నటిదా, ఏళ్లనాటిదా అని చెప్పడంలో అల్ట్రాసౌండ్ స్కానుకు పెద్ద పాత్ర ఉంది. వైద్యులు చూసేది మూత్రపిండం పొడవు, దాని పైపొర మందం, ఆ పైపొర ఛాయ. ఆరోగ్యవంతుడిలో ఆ పైపొర ఛాయ కాలేయపు ఛాయకు సమానంగానో కొద్దిగా నల్లగానో ఉంటుంది. జబ్బు ముదిరేకొద్దీ అది కాలేయంకంటే తెల్లబడుతుంది. పైపొరకూ లోపలి భాగానికీ మధ్యనుండే ఛాయాభేదం చెరిగిపోతుంది. పొడవును స్కేలుతో కొలుస్తారు. దానికి తెర ఎలా ఉన్నా ఫరవాలేదు. ఛాయను మాత్రం కంటితో పోలుస్తారు. ఒక బూడిదరంగును మరో బూడిదరంగుతో.

ఇప్పుడు టి.ఎన్. పలక స్వభావాన్ని గుర్తుతెచ్చుకోండి. దానికి నిలువు కోణం పడదు. తల కదపకుండా చూసినా తెర పైభాగం ఒక ఛాయలో, కిందిభాగం మరొక ఛాయలో కనిపిస్తుంది. కుడివైపు స్కానులో సాధారణంగా కాలేయం పైన, మూత్రపిండం దాని కింద కనిపిస్తాయి. పోల్చవలసిన రెండు బూడిదరంగులూ సరిగ్గా ఆ తెర అబద్ధమాడే దిశలోనే పరుచుకొని ఉన్నాయి. తేడా చిన్నదే కావచ్చు. తొలిదశలో జబ్బు చూపే తేడా కూడా చిన్నదే.

స్కాను యంత్రానికి బిగించిన తెర ఇంత అధ్వాన్నంగా ఉండదు, నాకు తెలుసు. మంచి యంత్రాలకు మంచి తెరలే ఇస్తారు. కానీ ఒక బొమ్మ ఆ ఒక్క తెరమీదనే చూడబడుతుందా? ఉద్దానం రోగి ఊళ్లో స్కాను తీయించుకొని, ఆ కాగితం పట్టుకొని పలాసకో, శ్రీకాకుళానికో, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికో, అటు దగ్గరైతే బరంపురానికో వెళ్తాడు. కాగితం వేడికి పాలిపోయే రకం. దాన్ని కొడుకో అల్లుడో ఫోనుతో ఫోటో తీసి తెలిసినవారికి పంపుతాడు. దారిలో బొమ్మ కుదించబడుతుంది, చివరకు ఎవరి బల్లమీదనో చవక ల్యాప్‌టాపులో, కిటికీ ఎదుట, వాలిన కోణంలో తెరుచుకుంటుంది. ఇన్ని చేతులు మారిన ఛాయ తన చోట తాను నిలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

* * *

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. ఒకటి: “2000 తరువాత రేడియాలజీ పత్రికలు ట్యూబును, పలకను పక్కపక్కన పెట్టి పరిశీలించాయి కదా; రోగనిర్ధారణలో చెప్పుకోదగ్గ తేడా లేదని చాలా పరిశీలనలు తేల్చాయి కదా?” తేల్చాయి. కానీ ఏ పలకను? వైద్యం కోసం ప్రత్యేకంగా తయారైన పలకను, కొలిచి సరిదిద్దిన పలకను, మసక వెలుతురు గదిలో ఎదురుగా కూర్చొని చూసిన పలకను. ఆ ఫలితాన్ని తెచ్చి మన బజారు పలకకు అంటగట్టడం పట్టుచీర కొలతలు చూపి గోనెసంచి అమ్మడమే. ఆ పరిశీలనలు చెప్పే నిజం నా వైపే ఉంది: సరిచూస్తే పలకకు దోషం లేదు. సరిచూడకపోతే?

రెండవది: “అనుభవమున్న వైద్యుడి కన్ను తెర లోపాన్ని దాటి చూస్తుంది.” గౌరవంతో చెబుతున్నాను, ఈ మాటను ఆ శాస్త్రం వారే ఒప్పుకోరు. ఒప్పుకొంటే ప్రమాణాలు ఎందుకు రాసుకున్నారు? వైద్యచిత్రాల కోసం ఏర్పరచుకొన్న డైకామ్ ప్రమాణంలో 14వ భాగం మొత్తం బూడిద ఛాయల గురించే. చదరపు మీటరుకు 0.05 క్యాండెలాల నుంచి 4,000 క్యాండెలాల దాకా మనిషి కన్ను గుర్తించగల మెట్లను వరుసపెట్టి, ఏ తెరమీదనైనా ఒక్కో మెట్టు కంటికి ఒకే ఎత్తుగా తోచాలని నియమం పెట్టారు. 2005లో అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం టి.జి. 18 అనే నివేదికలో తెరలను ఎలా పరీక్షించాలో, గది వెలుతురు ఎంత ఉండాలో వివరంగా చెప్పింది. రోగనిర్ధారణ చేసే తెరకు కనీసం 170 క్యాండెలాలకు పైగా వెలుగు, నలుపు తెలుపుల మధ్య కనీసం 250 రెట్ల తేడా ఉండాలన్నది. ఆ నివేదిక ట్యూబుకూ పలకకూ ఒకే కొలబద్ద పెట్టింది. మనం వదిలేసినది ఆ కొలబద్దనే.

కాబట్టి నా కోరికలు ఇవి. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రులకు తెరలు కొనేటప్పుడు టెండరు కాగితంలో అంగుళాలతో సరిపెట్టకండి. పై బూడిద ప్రమాణానికి లోబడినదా, ఏడాదికొకసారి కొలిచి సరిచేసే బాధ్యత ఎవరిది అన్న రెండు పంక్తులు చేర్చండి. ఉద్దానం కోసం కోట్ల రూపాయల కట్టడం కట్టినవారికి ఈ రెండు పంక్తులు భారం కావు. చిన్న ఆసుపత్రుల్లోనూ రోగి బొమ్మను తెరిచే కంప్యూటరు ఒక్కటైనా ఐ.పి.ఎస్. రకానిది అయి ఉండాలి. అది కిటికీకి ఎదురుగా ఉండకూడదు. రెండు, ఫోటో స్టూడియోవారికి. తెర రంగును కొలిచే చిన్న పరికరం ఒక మోస్తరు పెళ్లి కాంట్రాక్టులో చిన్న భాగానికే వస్తుంది. వెలుగును 100, 120 క్యాండెలాలకు దింపి, తెలుపును 6,500 కెల్విన్ల దగ్గర నిలిపి చూడండి. ‘ప్రింటు నల్లగా వచ్చింది’ అని ల్యాబును తిట్టే అవసరం చాలావరకు తీరుతుంది. నల్లగా వచ్చింది ప్రింటు కాదు, తెల్లగా చూపింది మీ తెర.

మూడవది మనందరికీ. పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. చలనచిత్ర, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం ఎస్.ఎం.పి.టి.ఇ. వారి పరీక్షాచిత్రంలో వాడిన ఉపాయమది. ఏదైనా బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో పూర్తి నల్లని చదరం గీయండి; దాని మధ్య 5 శాతం తెలుపు కలిసిన చిన్న చదరం పెట్టండి. పక్కన పూర్తి తెల్లని చదరం గీసి, మధ్యలో 95 శాతం తెలుపున్న చిన్న చదరం పెట్టండి. సక్రమమైన తెరమీద రెండు చిన్న చదరాలూ కనబడాలి. లేచి నిలబడి చూడండి, పక్కకు జరిగి చూడండి. అప్పుడూ కనబడాలి. మొదటిది మాయమైతే మీ తెర చీకట్లను మింగుతోంది. రెండవది మాయమైతే వెలుగులను కాలుస్తోంది. వెలుగు, కాంట్రాస్టు మీటలతో సరిదిద్దండి. ‘వివిడ్’ అనే పేరుగల అమరిక ఉంటే ముందుగా దాన్ని కట్టేయండి.

తెర కొనేముందు దుకాణంలోనే ఈ బొమ్మను పెన్‌డ్రైవులో తీసుకువెళ్లి చూపమనండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. పది మంది అడిగితే పదకొండోవాడికి తనే చూపిస్తాడు. అంగుళాలు, మందం, ధర అడిగినంత కాలం వాళ్లు అంగుళాలు, మందం, ధరే అమ్ముతారు. ఛాయను అడిగినవాడు లేకపోబట్టే ఛాయ చులకనైంది.

మిత్రులు ఈ పరీక్షను తమ తెరలమీద చేసి చూసి, ఏది మాయమైందో, ఏ కోణంలో మాయమైందో, తెర ఏ రకానిదో వ్యాఖ్యల్లో రాయగలరు. శ్రీకాకుళం జిల్లాలో స్కానింగు గదుల్లో పనిచేస్తున్నవారు ఎవరైనా ఈ పేజీకి వస్తే, వారి మాట ముందుగా వినాలని ఉంది. నా వాదనతో విభేదించేవారికి మరింత స్వాగతం. ఒక్క షరతు, ముందు ఆ 5 శాతం చదరం మీకు కనబడిందో లేదో చెప్పి ఆ తరువాత వాదన మొదలుపెట్టండి.